మధ్యాహ్నం లేని ఇల్లు

ఉదయం ఏడు గంటలయ్యేసరికి ఆ ఇంట్లో మంచం గోడలోకి వెళ్లిపోవాలి. అది ఆ ఇంటి శాసనం. శాసనకర్త మడతల మేస్త్రి. ఇరవై ఆరేళ్లుగా దాన్ని పొల్లుపోకుండా అమలుపరుస్తున్నది ఆయన భార్య దిండ్లమ్మ. పరుపుకు అడ్డంగా రెండు పట్టీలు బిగించి, దుప్పట్లను అరలోకి నెట్టి, మంచం అంచు కింద రెండు చేతులూ పెట్టి మోకాలెత్తు దాకా లేపితే చాలు, అక్కడినుంచి లోపలున్న గ్యాస్ పిస్టన్లు అందుకుని మిగిలిన బరువంతా తామే మోసుకుపోయేవి. మంచం నిటారుగా లేచి గోడలో కలిసిపోయేది. బయటికి కనిపించేది నిలువుటద్దం ఒక్కటే. ఆ అద్దం పక్కనున్న గొళ్లెం తీస్తే భోజనాల బల్ల దిగేది. చూడటానికి వచ్చినవాళ్లు ఆ చోద్యాన్ని ఒకటికి రెండుసార్లు చేయించుకుని చూసి, ముక్కున వేలేసుకుని వెళ్లేవారు. ఆ మొదటి మోకాలెత్తును మాత్రం మనిషే లేపాలన్న సంగతి వాళ్లలో ఎవరికీ తట్టేది కాదు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మేస్త్రి చేసే ప్రతి కుర్చీకీ, ప్రతి పెట్టెబల్లకూ, ప్రతి పడకకూ స్పాంజి కోసి, గుడ్డ తొడిగి, అంచులు కుట్టేది ఆమే కాబట్టి దిండ్లమ్మ అయింది. ఆయన మడతల మేస్త్రి ఎందుకయ్యాడో వేరే చెప్పనక్కర్లేదు. నగరంలో ఇళ్లు అగ్గిపెట్టెలంతగా కుదించుకుపోతున్న కాలంలో, ఒకే గదిని పగలు ఆఫీసుగానూ సాయంత్రం హాలుగానూ రాత్రి పడకగదిగానూ మార్చగలిగినవాడు ఆయనొక్కడే. బూట్ల అలమరాలోంచి ఇస్త్రీబల్ల, తలుపు లోపలినుంచి చదువుకునే బల్ల, కిటికీ గట్టు కిందినుంచి రెండు ముక్కాలిపీటలు, మేడమెట్లలో మెట్టుకొక సొరుగు. కింద పని షెడ్డు, పైన రెండు గదుల కాపురం. ఆ కాపురమే ఆయనకు నమూనా ఇల్లు కూడా. కొనేవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చేవారు. వచ్చినప్పుడు ఇల్లు మడతలన్నీ సర్దుకుని, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండాలి.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆ తలుపుబల్ల మీదే చదివి పరీక్షలు గట్టెక్కింది. ఎవరు తలుపు తీసినా ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుని లేవవలసి వచ్చేది. పెళ్లయి వేరే కాపురం పెట్టాక ఆ అమ్మాయి అన్న మాట ఒకటి బంధువులందరిలోనూ పాకిపోయింది. “మా నాన్న ఇంట్లో దేనికైనా చోటుంటుంది గానీ, ఒక్కసారికి ఒక్కదానికే” అన్నదట.

దిండ్లమ్మకు ఏభై ఏడో ఏడు నడుస్తుండగా మోకాళ్లు మొరాయించాయి. దానికి రక్తహీనత తోడైంది. పరీక్షలన్నీ చూసిన డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. “మందులు వాడినా, వాడకపోయినా, మధ్యాహ్నం రెండు గంటలు మీరు నడుం వాల్చాలి. కూర్చోవడం కాదు, పడుకోవడం. అర్థమైందా?” అని, చిన్నపిల్లకు చెప్పినట్టు మరోసారి చెప్పింది.

అర్థమైంది. పడుకునే చోటే లేదు. ముందుగదిలో మంచం ఏడింటికే గోడ ఎక్కుతుంది. వెనకగదిలో కుట్టుమిషను, గుడ్డచుట్టలు, నిలువెత్తున పేర్చిన స్పాంజి పలకలు. కిటికీ పక్కనున్న పెట్టెబల్ల పసిపిల్ల పడుకునేంత పొడవు. నేలమీద పడుకోవడానికి పడుకోవచ్చు. ఈ మోకాళ్లతో మళ్లీ లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఊరందరి పడకలకూ పరుపులు కుట్టిన మనిషి, మధ్యాహ్నం పూట మిషను ముందు స్టూలు మీదే తల వాల్చి, దారం ఉండలా ముడుచుకుని కునికేది.

ఎదురింటి ఆవిడ పగటిపూట వచ్చి కూర్చునేది. ఆవిడకు నోరూ ఎక్కువే, మనసూ ఎక్కువే.

“మంచం దింపుకుని హాయిగా పడుకోక ఈ అవస్థేంటి వదినా? ఎవరైనా వచ్చి కొడతారా?”

“దింపితే వీధితలుపు సగమే తెరుచుకుంటుంది. ఎవరైనా చూడ్డానికొస్తే, నేను లేచి పరుపు కట్టి మంచం ఎత్తేదాకా వాళ్లు మెట్లమీద నిలబడాలి.”

“నిలబడనీ. ఆ మెట్లలోనూ ఏదో సొరుగుంటుందిగా. లాక్కుని దాంట్లో కూర్చుంటారు.”

దిండ్లమ్మ నవ్వింది గానీ, నవ్వడానికి కూడా ఒంట్లో ఓపిక కావాలని ఆమెకు అప్పుడే తెలిసింది. నిజానికి ఒకసారి ఆమె ఆ సాహసం చేసింది. మంచం దింపుకుని పడుకున్న అరగంటకే మెట్లమీద అడుగుల చప్పుడు, “ఉన్నావా? వీళ్లు ఇల్లు చూస్తారట” అని మేస్త్రి గొంతు. నిద్రమత్తులో గబగబా లేచి అంచు పట్టుకుని ఎత్తబోతే మోకాలు కలుక్కుమంది. మంచం దబ్బున మళ్లీ కిందపడింది. లోపలికి తొంగిచూసిన పెద్దమనిషి, “ఇది ఇంత బరువా?” అని అడిగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ రోజంతా మేస్త్రి ఆమెను ఒక్క మాటా అనలేదు. అననందుకే ఆమె మళ్లీ మంచం దింపలేదు.

ఆయనకు చెప్పకపోలేదు. మూడుసార్లు చెప్పింది. మొదటిసారి “అలాగే, చూద్దాం” అన్నాడు. రెండోసారి నిజంగానే బుర్ర పెట్టి, అలమరాలోంచి ముందుకు సాగే వాలుకుర్చీ ఒకటి తయారుచేశాడు. అద్భుతమైన వస్తువే. కానీ దాన్ని సాగదీయాలంటే ముందు ఇస్త్రీబల్ల మూసి, ముక్కాలిపీటలు తీసి, మిషను జరపాలి. అన్నీ జరిపేసరికి ఆమెకు పడుకోవలసిన అలసట కాస్తా ఆసుపత్రికి పోవలసిన అలసట అయ్యేది. వారం రోజుల్లో ఆ కుర్చీ మీద గుడ్డచుట్టలు చేరాయి. మూడోసారి చెప్పినప్పుడు ఆయన తల ఎత్తకుండానే, “ఈ నలభై ఫ్లాట్ల పని ఒకటి తేలనీ” అన్నాడు. చెవిన వేసుకోని మాటకు కూడా అంత మెత్తగా జవాబు చెప్పడం ఆయనకే చెల్లింది.

ఆ నలభై ఫ్లాట్ల సంగతి ఇది. ఊరి చివర కడుతున్న ఒక భవనంలో, ఒంటిగది ఫ్లాట్లన్నింటికీ మడత సామాను అమర్చే పని. కంపెనీ తరఫున వచ్చేది ఒక డిజైనరు అమ్మాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. నమూనా గీతలు నచ్చాయి గానీ, ఖాయం చేసేముందు “రోజు నడక” చూస్తానంది.

రోజు నడక అన్నది మేస్త్రి సొంత పద్ధతి. ఇల్లు కొలవవలసింది టేపుతో కాదు, మనిషితో అని ఆయన నమ్మకం. అందుకే షెడ్డులో సగం నేలను ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు. అక్కడ రాబోయే ఇంటిని అసలు కొలతలతో సుద్దతో గీసేవాడు. తెరిచిన సామానుకు నిండుగీత, మూసిన సామానుకు చుక్కలగీత. ఆ గీతల మధ్య ఇంటివాళ్లను నిలబెట్టి, చేతిలోని కాగితం చూసి గంటలు చదివేవాడు. ఆరు, ఏడు, ఎనిమిది అంటుంటే వాళ్లు లేవాలి, వండాలి, తినాలి, చదవాలి, పడుకోవాలి. ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో, ఏ సొరుగు ఏ తలుపుకు అడ్డమొచ్చిందో అక్కడే తేలిపోయేది. గంటలో రోజంతా గడిచిపోయేది. ఆ నడకలో ఆయన కనిపెట్టని తప్పు లేదని పేరు.

ఈసారి ఫ్లాట్లు ఇంకా అమ్ముడే పోలేదు కాబట్టి నడవడానికి ఇంటివాళ్లు లేరు. మేస్త్రి మెట్లకింద నిలబడి పైకి కేక వేశాడు. “ఏమోయ్, ఒక గంట కిందికి రా. నీకు తెలియని బందు ఉందా, మడత ఉందా? నీకంటే బాగా ఎవరు నడుస్తారు?”

దిండ్లమ్మ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగివచ్చింది. డిజైనరు అమ్మాయి చేతిలో పలకంత ఫోను పట్టుకుని గోడవారగా నిలబడింది. రంపపు మిషను ఆపేశారు. మేస్త్రి కళ్లజోడు సవరించుకుని కాగితం విప్పాడు.

“ఆరు.”

ఆమె సుద్దమంచం నిండుగీతల్లోంచి బయటికి వచ్చింది.

“ఏడు. మంచం పైకి.”

ఆమె నడుం వంచి, గాలిలో చేతులు పెట్టి, లేని అంచును ఎత్తింది.

“ఆంటీ, చేతులు అంత కిందికి పెట్టారేం? బటన్ నొక్కితే లేస్తుందనుకున్నానే” అంది అమ్మాయి.

“పైన పిస్టన్ లేపుతుందమ్మా. ఇంతవరకూ మనిషే లేపాలి.” దిండ్లమ్మ మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. అమ్మాయి ఫోనులో ఏదో రాసుకుంది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

ఎనిమిది, తొమ్మిది, పది. ఆమె వండింది, కడిగింది, బట్టలు మడిచింది. ఎక్కడా దేనికీ తగల్లేదు. నడక చక్కగా సాగుతున్నందుకు మేస్త్రి మొహం వెలిగిపోతోంది.

“పన్నెండు. బల్ల కిందికి. భోజనం.”

ఆమె బల్ల దించింది. నిలబడే, తిన్నట్టు చేసింది.

“సాయంత్రం ఆరు. బల్ల పైకి.”

దిండ్లమ్మ కదల్లేదు.

“ఆరు అంటున్నాను. కదలవేం?”

“మధ్యలో ఒంటిగంట ఉంది కదండీ.”

“ఒంటిగంటకేముంది? ఆ టైములో ఇంట్లో ఎవరూ ఉండరు.”

“నేనుంటానుగా.”

గొంతు పెంచకుండానే అంది. మేస్త్రి కాగితం వంక చూశాడు. పన్నెండు కింద గీత, ఆ గీత కింద ఆరు. నడుమ ఒకే ఒక్క మాట: ఖాళీ. ఆ కాగితం ఆయన ఇరవై ఆరేళ్ల కిందట సొంత ఇంటికోసం రాసుకున్నది. అప్పుడు గీతల మధ్య నడిచింది ఆయనే. పన్నెండింటికి పైకి వెళ్లి తిని, కిందికి వచ్చి, మళ్లీ ఆరింటికే మెట్లెక్కే మనిషి ఆయన. ఆయన లేని ఇల్లు ఖాళీ ఇల్లే అని కాగితం తేల్చింది. తర్వాత ఎవరి ఇల్లు గీసినా అదే కాగితానికి నకలు తీసి వాడుకున్నాడు. నడవడానికి వచ్చినవాళ్లంతా ఉద్యోగస్తులు కావడంతో ఆ తప్పు ఒక్కరికీ తగల్లేదు. పగలు ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. నడవడానికి రమ్మని వాళ్లను ఎవరూ పిలవలేదు.

“ఇప్పుడు నేనెక్కడ ఉండాలో మీరే చెప్పండి” అంది దిండ్లమ్మ. “ఇక్కడ బల్ల. అక్కడ పొయ్యి. నా పడక నా నెత్తిమీద నిలబడి ఉంది.”

“మరి మీరు మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటారు ఆంటీ?”

“పడుకోనమ్మా.”

మేస్త్రి మొహం చెవుల దాకా ఎర్రబడింది. “ఇది మనింటి సంగతి. తర్వాత మాట్లాడుకుందాం.”

“మనింటి సంగతినే కదండీ నలభై ఇళ్లలో గీశారు.”

ఆ మాట ఆమె పోట్లాడటానికి అనలేదు. నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి. కూర్చోవడానికి ఆ సుద్దగీతల ఇంట్లో ఎక్కడా చోటు కనిపించలేదు. అమ్మాయి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, కొయ్యదుంగ మీద కూర్చోబెట్టింది. తర్వాత నేలమీది గీతలను ఫొటో తీసుకుంది. “మేస్త్రి గారూ, ఆ ఖాళీ సంగతి తేల్చి పంపండి. అప్పుడు చూద్దాం” అని చెప్పి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆయనకు భార్యమీద కోపం లేదు. పని తప్పిందని తెలిస్తే ఏ పనివాడికైనా ఉండే దుఃఖమే అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాస్త భోజనం మీద, కాస్త రంపం మీద చూపించాడు. ఆమె కూడా ఓదార్చలేదు. ఓదార్చడానికి లేచి ఆయన దగ్గరికి వెళ్లాలి కదా.

మూడోరోజు ఆయన ఒక కొత్త గీత పట్టుకుని పైకి వచ్చాడు. “ఇదిగో చూడు. కిటికీ గట్టు కిందినుంచి సగం పడక బయటికొస్తుంది, మిగతా సగం బూట్ల అలమరాలోంచి. రెండూ మధ్యలో కలుసుకుంటాయి. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చేయలేదు.”

దిండ్లమ్మ మిషను ఆపి, ఆ కాగితాన్ని మర్యాదగానే చూసి తిరిగి ఇచ్చింది.

“నాకు బుర్ర పెట్టి చేసే వస్తువు వద్దండీ. అలిసిపోయాను. నాలుగు కాళ్ల మంచం కావాలి. పొద్దున ఎక్కడుంటే రాత్రికీ అక్కడే ఉండాలి.”

“దానికి నేనెందుకు? ఏ కొట్లోనైనా దొరుకుతుంది.”

“అయితే కొట్లోనే కొనండి.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిందికి వెళ్లిపోయాడు. తన పెళ్లాం కొట్లో మంచం కొనుక్కుందన్న మాట వీధిలో పుడితే ఇక ఆయన ఉలి పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. ఆ సాయంత్రమే షెడ్డులోంచి చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించింది.

చెయ్యి తిరిగిన ఏ వడ్రంగి అయినా రెండు రోజుల్లో పూర్తిచేసే మంచానికి మడతల మేస్త్రికి తొమ్మిది రోజులు పట్టింది. కదలని సామాను చేసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కాళ్లు బిగించేటప్పుడు చూస్తే పక్కపట్టెల లోపలివైపు వరసగా గుండ్రటి గుంటలు కనిపించాయి. పరుపు కొలత చూసుకోవడానికి దిగివచ్చిన దిండ్లమ్మ వాటిమీద వేలు పెట్టింది.

“ఈ గుంటలేంటండీ?”

“మడత బందులు బిగించడానికి తొలిచాను” అన్నాడు ఆయన.

“ఈ మంచానికి బందులెందుకు?”

“నేను తొలవలేదు. చెయ్యి తొలిచేసింది.”

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెక్కబిళ్లలు కోసి, జిగురు పెట్టి, గుంటలన్నీ పూడ్చి, మీద గరుకు కాగితంతో రుద్దాడు. అయినా కొత్త బిళ్లల రంగు వేరుగా, పట్టె పొడుగునా బొట్లు పెట్టినట్టు కనిపించేది.

మంచం ముందుగదిలోకి వచ్చింది. దానికి చోటివ్వడానికి గోడమంచాన్ని మరలు విప్పి, షెడ్డులోకి దించి, అక్కడి గోడకు బిగించారు. సుద్దగీతలు గీసే నేలలో సగం దానికే పోయింది. పైన బల్ల ఇక దిగదు. భోజనం మంచం అంచున, కంచాలు ఒళ్లో పెట్టుకుని. తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. లోపలికి వచ్చేవాళ్లు ఒక భుజం ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి జొరబడాలి. “ఇదేం చోద్యం వదినా, మడతల మేస్త్రి ఇంట్లో మంచమా? మంచం సరే, మనుషులు మడతపడి రావాల్సొస్తోంది” అంది ఎదురింటి ఆవిడ, తలుపు సందులో ఇరుక్కుని.

డిజైనరు అమ్మాయి దగ్గరినుంచి కబురు రావడానికి మరో రెండు వారాలు పట్టింది. నలభైలో ఇరవై రెండు ఫ్లాట్లు ఆయనకు. వాటిలో కిటికీ పక్కన ఒక కదలని పడక ఉండాలి. మిగిలిన పద్దెనిమిదీ కంపెనీవాళ్లు మరొకరికి ఇచ్చేశారు. ఆ మరొకరు ఎవరినీ ఎక్కడా నడిపించే రకం కాదు. గీత చూపించి, నెలలో బిగించేస్తాడు. మేస్త్రి ఆ సంగతి చెప్పి, కాగితం తీసి, పన్నెండుకూ ఆరుకూ మధ్య కొత్త గళ్లు గీసుకున్నాడు. పెన్ను పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

“ఒంటిగంట దగ్గర ఏం రాయమంటావు?”

“నన్నడిగితే నా ఒంటిగంటే చెబుతాను. ఎవరింట్లో వాళ్లను అడగండి.”

ఆయన ఆ గడి ఖాళీగానే వదిలి, పక్కన ‘అడగాలి’ అని రాసుకున్నాడు.

దిండ్లమ్మకు మోకాళ్లు బాగుపడలేదు. అరిగిన కీళ్లు మంచంతో అతుక్కోవు. మందులు మందులే, కుట్టుపని కుట్టుపనే. ఇరవై రెండు ఇళ్ల దిండ్లు వెనకగదిలో ఆమెకోసం కాచుకుని ఉన్నాయి. పైగా మొదటి కొన్ని మధ్యాహ్నాలు ఆమెకు నిద్రే రాలేదు. పడుకున్నా చెవులు మెట్లమీదే ఉండేవి.

ఒకరోజు ఒంటిగంటన్నర వేళ నిజంగానే మెట్లమీద అడుగులు వినిపించాయి. ఇల్లు చూడటానికి ఒక కొత్త జంట వచ్చింది. దిండ్లమ్మ కళ్లు తెరవకముందే చేతులు పరుపు అంచు వెతుక్కున్నాయి, మోకాళ్లు కూడదీసుకున్నాయి. మేస్త్రి తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి చూశాడు. ఆమె ఆయనకు వీపు చేసి పడుకుని ఉంది. మెలకువ వచ్చిందని ఆయనకు తెలుసో లేదో ఆమెకు తెలియలేదు.

“మెట్లు చూశారుగా, ఆ తలుపుబల్ల చూడండి” అని ఆయన గొంతు తగ్గించి చెబుతున్నాడు. “ఇక్కడినుంచే చూడండి. లోపలికి వద్దు.”

“మరి ఈ మంచం ఎలా మడుస్తారండీ?” అని ఆ జంటలోని అమ్మాయి గొంతు.

“ఇది మడతపడదమ్మా.”

“మీ ఇంట్లోనే మడతపడని మంచమా? అదేంటండీ?” అన్నాడు ఆ అబ్బాయి.

“మనిషి పడుకుని ఉంది కదయ్యా” అన్నాడు మేస్త్రి. “కిందికి పదండి. మంచం మడిచేది షెడ్డులో చూపిస్తాను.”

అడుగులు దిగిపోయాయి. కాసేపటికి కిందినుంచి గోడమంచం దించుతున్న చప్పుడు, ఆ వెంటనే దాన్ని పైకెత్తబోతూ మేస్త్రి తీసిన పెద్ద మూలుగు వినిపించాయి. “ఇది ఇంత బరువా?” అని ఆ అబ్బాయి అడిగాడు. మేస్త్రి ఏం జవాబు చెప్పాడో వినడానికి దిండ్లమ్మ చెవి రిక్కించింది గానీ, జవాబు వచ్చేలోగా నిద్ర పట్టింది.